పాకాల జంక్షన్లో రాసిన పేజీ

తిరుపతి బైరాగిపట్టెడలో, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన హేమచంద్ర ఇంటి వరండా. శిష్యురాలు స్రవంతి తన మొదటి పుస్తకం ప్రూఫులు తెచ్చి ముందు పెట్టి పావుగంటయింది; ఆయన ఇంకా ముట్టుకోలేదు.

“మొదటి పేజీ అన్నా తిప్పండి సార్.”

“ఎందుకు తిప్పాల? పోయినేడు చిత్తుప్రతి సదివినోణ్ణే గదా. యూదుల దానియేలు గ్రంథం బబులోను కాలంలో పుట్టలే, నాలుగు నూర్ల ఏండ్ల తర్వాత గ్రీకు రాజుల కాలంలో రాసినారు. అంతేనా?”

“అంతే సార్. భక్తులు ఒప్పుకోరు, తెలుసు. అందుకే సాక్ష్యాలన్నీ...”

“ఏం సాక్ష్యాలు? బబులోను రాజు మేళంలో గ్రీకు పేర్లుండే వాద్యాలా? గ్రీకు యాపారస్తులు ముందే తెచ్చుండచ్చు!”

“అదొక్కటే అయితే నేనూ నమ్మను. ఆ గ్రంథంలో జరగబోయేదని సెప్పిన రాజుల కథ ఒకచోటు దాకా అచ్చం జరిగినట్టే ఉండాది. ఆఖరి రాజు సావు కాడ తప్పింది. సముద్రానికీ పవిత్రమైన కొండకీ నడుమ సస్తాడని రాసినారు. ఆయనేమో పర్షియాలో సచ్చినాడు. అంటే రాసినోడు ఆ సావుకు ముందే, అప్పటిదాకా జరిగింది సూసి రాసినాడు...”

“‘రాసినోడు తన కాలాన్ని దాచలేడు.’ ఎవరి మాట అది?”

“మీదే సార్. ఎం.ఏ. క్లాసులో.”

“మరి అట్ట మీద ఒక్క పేరే ఉండాదే! నగరి మగ్గాలింటి పిల్లవి, పేజీ పేజీ దిద్దించినా. ఇప్పుడు చెన్నై వాళ్లు సభలకు పిలిచేది నిన్ను, పేపర్లో ఫోటో నీది. నాకు ఫోన్ చేసి ‘స్రవంతి గారి నంబరుందా సార్’ అంటారు! మూడు దినాలుగా అన్నం సయించలే. అవును, కుళ్లే. కుళ్లుకోకుండా ఎట్లుండేది?”

“సార్, ఆ మొదటి పేజీ...”

“నీ పేజీ కాదు, నా పేజీ సూడు. ఇదో, పాత నోటుబుక్కు. పదేండ్ల పైమాటే. నీ వాదనంతా ఈడుండాది.”

“...అవును సార్. వరస గూడా అదే.”

“సూసినావా! కాట్పాడి బండి లేటయితే పాకాల జంక్షన్లో బెంచీ మీద కూసోని రాసినా. రేపు అచ్చుకు పోయేలోపల నా పేరు పైన ఏపించు. లేదంటే ఆవిష్కరణ సభలో అందరి ముందరా ఇది ఎత్తి సూపిస్తా. ఏరు దాటినాక తెప్ప తగలేసిందని సెప్తా.”

“వద్దు సార్. సూపించద్దండి.”

“భయమా?”

“మీ కోసమే సార్. మీరు నేర్పించింది ఇంకోటుండాది. ఏం రాసినా పైన ఊరు, జిల్లా, తేదీ ఏయమంటారు.”

“ఏసినా గదా. సదువు, సదువు.”

“‘పాకాల, తిరుపతి జిల్లా, 12-6-2014.’”

“ఆ. అయితే?”

“తిరుపతి జిల్లా పుట్టిందే రెండువేల ఇరవై రెండులో సార్. పద్నాలుగులో పాకాల ఏ జిల్లా?”

“పాకాలా? పాకాల... అదేందమ్మా, ఈడే గదా...”

“ఏ జిల్లా సార్?”

“...చిత్తూరు.”

“ఇంక నా పేజీ సూడండి. ఆ ఒక్కటే.”

“అద్దాలు... యాడ పెట్టినానో... ఆ. ‘దొంగ తేదీని పట్టుకోవడం నేర్పిన మా హేమచంద్ర సారుకి’... ఏందిది? ఎప్పుడు రాసినావు? నన్ను ఎగతాళి సేసేదానికా?”

“పోయిన నెలలోనే సార్. కింద తేదీ ఏసుండా. అది నిజం తేదీనే.”