బుజ్జమ్మ పిన్ని ఏడవలేదు

నవ్వుతున్న మనిషిని ఏడుస్తున్నట్టు మార్చి, కొడుకు నిక్షేపంలా ఉన్న తల్లి ఫొటో కింద ‘కడుపుకోత’ అని రాసి, దానికి బహుమతి వచ్చిందని ఈ రోజు నారాయణరావు గారికి సన్మానం చేస్తున్నాం. వేదిక వెనక గోడంత ఎత్తున ఉన్న ఆ ముఖం మా వీధి బుజ్జమ్మ పిన్నిది. ఆవిడ ఏడవలేదు.

అధ్యక్షుల వారికి, పెద్దలకు నమస్కారం చెప్పకుండానే మొదలుపెట్టాను. క్షమించమని కూడా అడగను. నేను ప్రవల్లికని, సార్ స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాను. రిటైరవుతున్నారు కదా, ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని మైకిచ్చారు. చెప్తాను. ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకున్నదాన్ని, సర్టిఫికెట్ అడక్కుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పెళ్లికూతుర్ని తెల్లగా చెయ్యమని మేనత్తలు గొడవ చేస్తే, “అమ్మాయి రంగు అమ్మాయిదే, మార్చను, ఇంకో స్టూడియో చూసుకోండి” అని పంపించేసిన మనిషి. (చప్పట్లు) కొట్టకండి, ఇంకా అయిపోలేదు. అలాంటి మనిషి ఈ పని చేశారనే నా మంట.

పోయిన సీజన్లో, ఇదిగో ముందు వరుసలో కూర్చున్న రత్నబాబు గారి ఆగిరిపల్లి మామిడి షెడ్డులో ఫొటోలు తీస్తూ తీస్తూ వెనక్కి నడిచి, సార్ మగ్గిన చిన్నరసం కాయ మీద కాలేశారు. కెమెరా పైకెత్తి పట్టుకుని కింద కూలబడ్డారు. (నవ్వులు) ఆఁ, అక్కడ కాయలు పెట్టెలకెత్తుతున్న పిన్ని కూడా మీలాగే నవ్వింది. మన ఆడవాళ్లు నలుగురిలో నవ్వు ఆపుకోలేకపోతే ఏం చేస్తారు? కొంగు నోటికడ్డం పెట్టుకుంటారు. అలాగే పెట్టుకుని, కళ్లు మూసుకుపోయి నీళ్లొచ్చేదాకా నవ్వింది. “లేవండి సారూ, కాయ జ్యూసైపోయింది, మేస్త్రీ దాని డబ్బులు మీ దగ్గరే పట్టుకుంటాడు!” అంది. సార్ కూడా నవ్వుతూ, కూర్చున్నచోటు నుంచే క్లిక్ కొట్టారు.

నోరు కొంగు వెనక ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. ఫొటోల పోటీకి అది చాలనుకుని, టోన్ మ్యాపింగ్ పెంచమన్నారు నన్ను. టోన్ మ్యాపింగ్ అంటే వెలుగు మితిమీరిన చోట తగ్గించి, నీడలో దాగినదాన్ని పైకి లాగి, రెండూ ఒకే ఫొటోలో కనపడేలా సర్దడం. హద్దులో ఉంటే ముఖానికి కళ వస్తుంది. హద్దు దాటితే ప్రతి గీతా గాయంలా లేస్తుంది. ఆవిడ నవ్వు ముడతలన్నీ అలాగే లేచాయి. నుదుటి బొట్టు నల్లబడి కనపడకుండా పోయింది.

“ఏడ్చినట్టుంది సార్,” అన్నాను.

“ఏడ్చినట్టుంటేనే గుండెకి తగులుద్దమ్మా. నవ్వే కూలీకి ప్రైజెవడిస్తాడు?” అన్నారు.

ఇక నేను చెయ్యనన్నాను. నన్ను జరగమని ఆయనే మౌస్ పట్టుకున్నారు.

ప్రైజొచ్చింది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. పిన్ని దాని కింద నిలబడి నన్నే అడిగింది: “ఎవరమ్మా పాపం, ఈవిడ పోయిందా?”

అది నువ్వేనని చెప్పాను. చాలాసేపు పైకి చూసింది. “నా కొడుకు చింతలపూడిలో ఆటో తోలుకుంటున్నాడు కదే,” అంది.

రత్నబాబు గారూ, ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టండి. సీజన్ తొలి పెట్టెలో తొలి కాయ ఏటా పిన్ని చేతే పెట్టించేవారు, ఆవిడ చెయ్యి మంచిదని. ఈసారేమో, “ఆ ఫొటో చూశాక మనసొప్పట్లేదమ్మా, శుభమా అని మొదలెడుతూ ఆ ఏడుపు ముఖమేంటి, ఈ ఏడు పనికి రావద్దులే” అన్నారట. మనిషి ఎదురుగా నిలబడి ఉంది కదండీ! కాయ మీద మచ్చుంటే అది తుడిస్తే పోయేదో కాదో వేలితో రుద్ది చూస్తారే, మనిషిని ఆ మాత్రం కూడా చూడలేదా? వేసవిలో మీ షెడ్డు తప్ప ఆవిడకు ఇంకో పని లేదు.

సార్, నాకు పని ఇచ్చినందుకు థాంక్సండి. నిజంగానే అంటున్నాను. అయినా ఆపను. అసలు ఫొటో నా దగ్గర ఉంది. దాన్ని ఇప్పుడే ఈ తెర మీద వేయించండి. “ఆవిడ నవ్వింది, ఏడుపు నేను పెట్టాను” అని ఈ మైకులోనే చెప్పండి. పోటీ పెట్టినవాళ్లకూ అదే రాయండి. ఫ్లెక్సీ దింపించండి.

రత్నబాబు గారూ, రేపు మీ తొలి పెట్టె. కూలీల ఆటో పొద్దున ఆరింటికి మా వీధి చివరికొస్తుంది. పిన్ని అది ఎక్కాలా వద్దా, ఆలోపు ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి మీ నోటితో చెప్పాలి. మేస్త్రీతో కబురు చెల్లదు. ఆరు దాటాక వచ్చే జవాబు మాకక్కర్లేదు.

సెలవు.