సిలిండర్ మెడ మీది తారీఖు

నా పేరు యెషయా. తండ్రి పేరు ప్రేమ్‌చంద్. వయసు నలభై ఏడు. చొప్పదండి బస్టాండు వెనకాల వెల్డింగ్ షాపు నడుపుతాను. క్వారీలోని గాలి సిలిండర్లన్నీ ఆ అమ్మాయి నవీనే ఏరి కొన్నదని, తప్పంతా ఆమెదేనని ఓంప్రకాశ్ సేటు మీకు చెప్పాడట. అది తెలిసి, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే ఇవాళ పోలీసు స్టేషన్‌కు వచ్చాను.

ఓంప్రకాశ్ కరీంనగర్ పక్కన ఒక పాత గ్రానైట్ క్వారీని లీజుకు తీసుకున్నాడు. గుంతలో నలభై అడుగుల నీళ్లున్నాయి. జనం వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని సరదాగా నీళ్ల కిందికి దిగే ఆట పెట్టాడు. దిగడం నేర్పడానికి నవీన అనే మంచిర్యాల అమ్మాయిని జీతానికి తెచ్చాడు. ఆమెకు ఇరవై ఆరేళ్లు, గోవాలో నేర్చుకొని వచ్చింది. అక్కడ గేటు, ఇనుప మెట్లు చేసింది నేను.

ఆగస్టు 12, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ముగ్గురం హైదరాబాద్‌లో ఒక పాత సామాను గోదాముకు వెళ్లాం. "కొత్తయే కావాలని లేదు సేటూ. పాతయైనా టెస్టు అయినయి తీస్కుందాం, సగం ధరకొస్తయి" అంది నవీన. ప్రతి సిలిండర్ మెడ మీద కొట్టి ఉన్న పరీక్ష తారీఖు వేలు పెట్టి చదివింది. గడువున్నవి నాలుగే దొరికాయి. మూలకు ఇంకో ఆరు పడి ఉన్నాయి, తుక్కు ధరకు. ఒకదాని వాల్వు నాతో ఊడదీయించింది. ఛీ! కుళ్లిన గుడ్డు వాసన సార్. బోర్లిస్తే ఎర్రటి తుప్పునీళ్లు కారాయి. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ వాసనే వస్తుంది.

"గీ గాలి మనిషి పీల్చేది సేటూ. మీ ఇంట్లోళ్లకు కడ్తవా?" అని అడిగింది. సేటు నవ్వాడు. నాలుగే కొని వచ్చేశాం.

ఆగస్టు 19 మధ్యాహ్నం రెండు గంటలకు సేటు ఆటోలో ఆ ఆరింటినీ నా షాపు ముందు దించాడు. పాత తారీఖు గ్రైండర్‌తో గీకి కొత్తది కొట్టమన్నాడు. "ఏది కొట్టాలె?" అన్నాను. "ఏదో ఒకటి కొట్టరాదు. క్వారీ కాడ షెడ్డు పని గూడ నీకే ఇస్త" అన్నాడు. రేకుల షెడ్డు సార్. ఆ షెడ్డు కోసం కొట్టాను. నా బిడ్డ రెబెకా పెళ్లయిన నెల నోటికొచ్చింది, 03 25 అని అదే కొట్టాను. పసుపు రంగు కూడా నేనే వేశాను. వాసన పోవడానికి సేటు వాల్వు మూతికి మొగలిపువ్వు అత్తరు రాశాడు. అత్తరు! ఇది తప్పకుండా రాయండి.

మర్నాడు క్వారీలో నవీన వాటిని వాసన చూసింది. "గీ అత్తరేంది?" అంది. అగర్బత్తుల పక్కన పెట్టారని సేటు అబద్ధమాడాడు. ఆమె మెడ మీద 03 25 చదివి నా వైపు తిరిగింది. "కాకా, టెస్టుకు పోయినయే కదా?" అంది. నేను తల ఊపాను.

సెప్టెంబర్ 7, ఆదివారం. ప్రార్థన మానేసి షెడ్డు పనిలో ఉన్నాను. పది ఇరవైకి నవీన ఆ మంచి నాలుగింటిని వచ్చిన నలుగురికీ కట్టి, తాను పసుపుది కట్టుకొని దిగింది. పది నిమిషాల తర్వాత ఆ నలుగురిలో ఒకాయన పైకొచ్చి అరిచాడు. నేను, వాచ్‌మన్ పరశురాములు దూకి ఆమెను తీశాం. పెదాలు నల్లబడ్డాయి. ఆమె బండ మీద పడి ఉంటే సేటు చేసిన పనేమిటో తెలుసా సార్? జేబురుమాలుతో వాల్వు తుడుస్తున్నాడు. "ఎవలన్న అడిగితే గా పోరే కొన్నదను" అన్నాడు నాతో. థూ! వాడి మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. నేనేమంత శుభ్రంగా ఉన్నానని?

నిన్న మీరు క్వారీకి వచ్చి ఆమె కట్టుకున్న సిలిండర్ వాల్వు విప్పించినప్పుడు నేనూ చూశాను, తుప్పు పెళ్ల అడ్డం పడి ఉంది. ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆమె నోరు తెరవలేదని మీరు సేటు మాట నమ్మొద్దు. ఇనుము మీద అంకెలు కొట్టే నా పంచ్‌లలో మూడంకెది కొస విరిగింది, అది కొడితే మూడుకు తోక పడదు. మీ బల్ల మీది సిలిండర్ చూడండి. తోక లేని ఆ మూడు నాదే. పంచ్‌ల డబ్బా అప్పగించాను.

పైదంతా నాకు చదివి వినిపించారు. అంతా నిజమే గానీ ఒక్కచోట దిద్దాలి. తల ఊపాను అని చెప్పాను. అది కాదు. ఆమె అడిగినప్పుడు నోటితోనే చెప్పాను: "పోయినయి బిడ్డా, నేనే తీస్కపోయిన."

ఇలా దిద్దిన తర్వాత ఇది నిజమని ఒప్పుకొని సంతకం చేస్తున్నాను.

(సంతకం) యెషయా