మడుగులోని అడవి వరి

భగవంతుడు మా తమ్ముడికి నోరిచ్చాడు. వాడు విత్తనాల బ్యాంకులో జీపు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు మా అమ్మాయి అక్కడే పనిచేస్తోంది. వరదకి పొలాల్లో వరి అంతా కుళ్లిపోయిన ఏడాది, నీళ్లలో మునిగినా చావని అడవి వరి కోసం వెతుకుతూ మేనమామ దగ్గరికొచ్చింది. దాన్ని ఆఖరుసారి చూసినవాడు వీడే.

"అడిగావు కనక చెబుతున్నా, నా గొప్ప నేను చెప్పుకోను," అంటూ వరండాలో మొదలుపెట్టాడు. "సైంటిస్టుగారు జ్వరంతో జీపులో పడుకుని నన్నే మడుగులోకి దిగమన్నారు. మొదట మోకాల్లోతు. రెండడుగులేస్తే నడుము, నాలుగేస్తే గడ్డం, ఆరో అడుక్కి నీళ్ల కిందే నడుస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఊపిరాడక పోయారా?" అన్నాడు పక్కింటి కాంపౌండరు.

"వరి కాడ బోలుగా ఉండదూ? ఒకటి నోట్లో పెట్టుకున్నా. నలభై రోజుల వరదలో ఆ మొక్క అలాగే గాలి పీలుస్తుంది, నాకూ కాస్త ఇచ్చింది. పైకి చూస్తే తాటిచెట్టంత ఎత్తున కంకులు, వాటికి బారెడేసి ఎర్ర మీసాలు. బురదలో దిగబడ్డ జీపుని నాలుగు దుబ్బులకి కట్టి ఒక్క కేకేశా. సైంటిస్టుగారితో సహా ఎత్తి గట్టున పెట్టాయి."

"మరి ఆయన జ్వరం?"

"ఆ కుదుపుకే దిగిపోయింది."

అందరం నవ్వాం, మా అమ్మాయి తప్ప.

"కంకులకి సంచులు ఎప్పుడు తొడిగావు మామయ్యా?"

"పచ్చిమీదే గుడ్డసంచులు తొడిగి రమ్మన్నారు ఆయన. రైతుబిడ్డని, నాకా చెప్పేది? పండాలని పదిరోజులు ఆగి, వెళ్లి కోసుకొచ్చా."

"అడవి వరి మన వరిలా ఆగదు మామయ్యా. పండిన గింజ పండినట్టే నీళ్లలో రాలిపోతుంది, అందుకే ముందే సంచి తొడగాలి," అంది మెల్లగా. "నిన్న బ్యాంకు చలిగదిలో నీ పేరున్న ప్యాకెట్టు విప్పాను. అంతా తాలే."

అప్పుడు చెప్పాడు వాడు అసలు సంగతి. మరుసటేడు సొంతంగా సెలవు పెట్టుకుని మళ్లీ గింజల కోసం వెళ్లాడట. అప్పటికే మడుగు పూడ్చి బస్సు డిపో కడుతున్నారట. ఇన్నేళ్లూ నాక్కూడా చెప్పలేదు.

మా అమ్మాయి నోటుబుక్కు తెరిచింది.

"ఇంకో మడుగులో ఎక్కడైనా మిగిలుంటే గుర్తుపట్టాలిగా. ఎలా ఉండేదో చెప్పు. ఉన్నదున్నట్టు."

"అంత ఎత్తేం కాదమ్మా," అన్నాడు. "నా నడుము దాకా. దగ్గరికెళ్లి చూడకపోతే ఉత్త గడ్డే అనుకుంటావు."