ఉప్పు చూడని చెయ్యి

వరంగల్, 1963. చనిపోయిన పెద్దలకు వండి పెట్టే పెత్రమాస నాటి మధ్యాహ్నం. కలిగినవాళ్ల ఇళ్లకు వెళ్లి వంటలు చేసే చిలుకమ్మ, ఆమెతో పాటే పనికి వెళ్లే ఆడబిడ్డ మొగిలమ్మ అరుగు మీద కూర్చున్నారు.

“ఎప్పటిసంది వాసన తెలుస్తలేదు, వదినె?”

“మీ అన్న పోయిన పొద్దుసంది. శవం కాడ ఊదు ఏసిండ్రు గద. పొగ కండ్లకు తగిలింది. వాసన రాలే.”

“నువ్వు సుత జరంల ఉన్నవప్పుడు.”

“ఇద్దరికీ అదే జరం. ఆయనను తీస్కపోయింది, నా ముక్కును తీస్కపోయింది.”

“నాకు చెప్పకపోతివి?”

“ఏమని చెప్పాలె? మనల్ని ఇన్ని ఇండ్లోళ్లు ఎందుకు పిలుస్తరు? చిలుకమ్మ రుచి చూసి ఎంగిలి చెయ్యది, వాసనతోనే ఉప్పు చెప్తది అనే గద.”

“అందుకేనా గిన్నె గిన్నెకు ‘మొగిలీ, జర వాసన చూడు’ అన్నవు? నాకు పని నేర్పుతానవనుకొని మురిసిన!”

“ఇయ్యాల నువ్వు పక్కన లేకపోతివి.”

“సేటు ఇంటికి తోలింది నువ్వే. చెరో ఇల్లు పడితే పని పెరుగుతదన్నవు.”

“అవు, నేనే అన్న.”

“అయితే నువ్వు పోయిన దొరసాని ఇంట్ల ఏమైంది?”

“పులుసుల ఉప్పు ఏసిన్నో లేదో యాదికి రాలే. ముక్కు కాడికి తెచ్చుకున్న. ఉత్త నీళ్ల తీరుగ ఉన్నది.”

“అయితే?”

“అరచేతిల ఏసుకొని నాకిన.”

“పెద్దలకు పెట్టకముందే?”

“మెల్లగ మాట్లాడు.”

“ఎవలన్న చూసిండ్రా?”

“దొరసాని. గడపల నిలవడ్డది.”

“తిట్టిందా?”

“తిట్టినా మంచిగుండు. వాళ్ల అత్త ఫోటో ముంగట ఏసిన ఇస్తరాకు ఏం పెట్టకుంటనే మడిచింది. ‘చిలుకమ్మా, ఇంటికి పో’ అన్నది. గంతే.”

“ఇగ సేటు ఇంట్ల తెలుస్తది. వకీలు ఇంట్ల తెలుస్తది.”

“తెల్వనీ.”

“తెల్వనీ అంటవేంది? ఎండనక వాననక తిరిగి నిలవెట్టుకున్న పని! బతుకమ్మ సద్దులకు ఒప్పుకున్న ఇండ్లేం కావాలె? నేను పోయి దొరసానికి చెప్త, జరంల ముక్కు పోయిందని. జాలి పడతది.”

“వద్దు. గిన్ని దినాలు వాసన తెల్వకుంటనే వండి పెట్టినవా అంటది.”

“...అది నిజమే. పోనీ, రేపటిసంది ఇద్దరం ఒక్కటే ఇంటికి పోదాం. నువ్వు వండు, నేను వాసన చూస్త. ఏడ్వకు.”

“ఏడుస్తలేను. సిగ్గయితాంది.”

“దొరసాని చూసిందనా?”

“దొరసాని గురించి కాదే.”

“మరి?”

“ఆమె అత్తకు గారెలు, పాయసం, పులుసు, అన్ని తీర్ల వండిన. తెల్లారకముందే పోయిన.”

“ఆ ముచ్చట ఇడిసిపెట్టు. లే. అన్నకు ఇది మొదటి పెత్రమాస, అందుకే సేటు ఇంట్ల పని జల్ది ఒడగొట్టుకొని వచ్చిన. ఇస్తరాకు సుత తెచ్చిన. ఏం వండినవు అన్నకు?”

“పొయ్యి ఇంకా ముట్టియ్యలే.”