చూశాను, బాగోలేదు

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా క్లబ్ అధ్యక్షులవారికి, వేదిక మీదున్న కమిటీ పెద్దలకు, ముందు వరుసలోని మా మోకాళ్ల బ్యాచ్ అక్కలకు, వెనక నిలబడ్డ అన్నదమ్ములందరికీ నమస్కారం. నాకు మైకు అలవాటు లేదు, గొంతు కూడా చిన్నది. పద్నాలుగేళ్లలో ఈ జిమ్‌లో నేను గట్టిగా అన్న మాట ఒక్కటే, "బరువులు తీసిన చోటే పెట్టండి బాబూ" అని. దాన్నీ ఎవరూ వినలేదు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలందరూ నన్ను చాలా మెచ్చుకున్నారు. "ఆవిడ విశ్రాంతి తీసుకోవలసిన సమయం వచ్చింది" అని కార్యదర్శిగారు అన్నప్పుడు నాకే జాలి వేసింది. నాకు యాభై ఏళ్లు, ఇంకో ఎనిమిదేళ్లు పని చేస్తాననుకున్నాను. నా అలసట నాకంటే ముందు కమిటీవారికి తెలిసింది. అదీ అధ్యక్షులవారి భుజం జారిన మూడో రోజున తెలిసింది. మా అమ్మ కూడా నన్ను ఇంత శ్రద్ధగా చూడలేదు.

నేను చేరింది తువ్వాళ్లు ఉతకడానికి. ఏడాది తిరిగాక తాళంచెవి, దానితోపాటు తనిఖీ రిజిస్టరు నా చేతికిచ్చారు. అందులో ఒక్కో మిషనుకి రోజుకో గడి ఉంటుంది. పొద్దున్నే మిషన్లు తాకి చూసి ఆ గడి నింపాలి. నాకు ముందు పనిచేసిన ఆయన నెల మొదటి తారీకునే నెలంతటికీ "చూశాను, బాగుంది" అని రాసి పెట్టేవారు. రాబోయే ముప్పై రోజులను కూర్చున్న చోటి నుంచే చూడగలిగిన మనిషి. నాకంత దృష్టి లేదు కాబట్టి తలుపు తీసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏ రోజుది ఆ రోజే చూసుకునేదాన్ని.

మొదటిసారి "చూశాను, బాగోలేదు" అని రాసిన రోజు మా కోచ్ పరుగెత్తుకొచ్చాడు.

"అలా రాయకూడదమ్మా. చదివినవాళ్లు ఏమనుకుంటారు?"

"బాగోలేదనుకుంటారు నాయనా."

అదిగో, అక్కడ నవ్వుతున్నాడు. మంచివాడే. ఆ మధ్యాహ్నమే స్పానరు తెచ్చి బోల్టు బిగించాడు. (చప్పట్లు)

ఇంకొక తప్పు కూడా చేశాను. మన క్లబ్ సభ్యులందరి బీమా పాలసీ చదివాను. ఇరవై రెండు పేజీలు, వారం పట్టింది. పక్క మీద కూర్చుని చదువుతుంటే మా ఆయన "ఏ స్తోత్రం అది, ఇంత నిష్ఠగా చదువుతున్నావు?" అన్నారు. అర్థం కాని చోట బీమా ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేసేదాన్ని. "ఆంటీ, ఈ ఊళ్లో దీన్ని చదివింది మీరొక్కరే" అని ఆ పిల్ల ఎంతో సంతోషించింది.

ఇక పోయిన నెల సంగతి. మీలో సగం మందికి ఒక రకంగా, సగం మందికి ఇంకో రకంగా చెప్పారట. నేను చూసినది చెబుతాను. పైనుంచి కడ్డీని కిందికి లాగే మిషను ఉంది కదా, దాని ఇనుప తీగ పోగులు లేచాయి. గడిలో రాశాను, "వాడవద్దు" అని బోర్డు కట్టాను. అయిదో రోజున క్లబ్ వార్షికోత్సవానికి ఫొటోలు తీయాలని అధ్యక్షులవారు వచ్చారు.

"ఈ బోర్డేమిటమ్మా, ఫొటోలో దరిద్రంగా ఉంటుంది. తీసెయ్."

"తీగ పోగులు లేచాయండీ."

"ఒక్కసారి లాగితే ఏమవుతుంది? దేవుడున్నాడు."

"ఉన్నాడండీ. పోగులు కూడా ఉన్నాయి."

బోర్డు నేను తీయలేదు, ఆయనే తీసి నేల మీద పెట్టి, కడ్డీ లాగారు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. తీగ తెగిన క్షణంలో ఆయన ముఖం, కింద నా బోర్డు, అక్షరాలతో సహా. (నవ్వులు) నవ్వకండి, పాపం ఆయన మూడు వారాలుగా చెయ్యి మెడకు కట్టుకుని తిరుగుతున్నారు. ఆ రోజు నోటితో చెప్పి ఊరుకున్నానే గాని, చెయ్యి పట్టుకుని ఆపలేదు. పెద్దాయన, ఏమనుకుంటారో అని జంకాను. దేవుడి ముందు ప్రతి పొద్దునా నాకు గుచ్చుకునేది అదే.

మర్నాడు కార్యదర్శిగారు ఆఫీసు గదికి పిలిచి రిజిస్టరుది ఒక కొత్త పేజీ ముందు పెట్టారు. తీగ తెగిన రోజు గడిలో "చూశాను, బాగుంది" అని ఎవరో నా చేతిరాత లాగే రాశారు. కింద నా సంతకానికి ఖాళీ ఉంది. "ఒక్క మాటే కదమ్మా తేడా" అన్నారు. ఇందాక జ్ఞాపిక చేతిలో పెడుతూ కార్యదర్శిగారు "దిగేముందు ఆ సంతకం కూడా అయిపోతే నిశ్చింతగా ఉంటుంది" అని చెవిలో చెప్పారు. ఆ పేజీ ఇదిగో, జ్ఞాపిక కిందే ఉంది, పెన్నుతో సహా.



పాలసీ తొమ్మిదో పేజీలో, పాడైందని తెలిసీ వాడితే ఆ దెబ్బకు పరిహారం లేదని ఉంది. పదిహేడో పేజీలో, తప్పుడు రికార్డు ఇస్తే పాలసీ మొత్తం రద్దని ఉంది. నిజం చెబితే ఒక్క భుజానికే బీమా పోతుంది, అబద్ధం దొరికితే ఇక్కడున్న నడుములన్నిటికీ, మోకాళ్లన్నిటికీ పోతుంది. అక్కా, మీరు నిరుడు ఇక్కడి సైకిలు మీంచి పడ్డప్పుడు ఆసుపత్రిలో మిమ్మల్ని ఎవరూ రూపాయి కూడా అడగలేదు గుర్తుందా? ఆ పాలసీ కాగితాల పుణ్యమే అది.

అయ్యా, మీ మీద నాకు గౌరవం ఉంది. సంతకం మాత్రం పెట్టను. బీమా ఆఫీసు అమ్మాయి నిన్న వచ్చి అసలు పేజీ అడిగింది, ఇచ్చాను. మీకు చెప్పకుండా ఇవ్వడం మర్యాద కాదు కాబట్టి ఇప్పుడు, అందరి ముందు చెబుతున్నాను.

రేపటి నుంచి రిజిస్టరు ఆఫీసు గదిలో ఉంటుందట, మిషన్లు ఇక్కడుంటాయట. ఒకదాని ముఖం ఒకటి చూసుకోకపోతే రెండూ సుఖంగానే ఉంటాయి. మీరు మాత్రం ఎక్కే ముందు, లాగే ముందు మీ కళ్లతో ఒకసారి చూసుకోండి. అదొక్కటే నేను మిమ్మల్ని కోరేది.

ఇంకొక్క మాట, అయిపోవచ్చింది. ఇక్కడ నిలబడ్డప్పటి నుంచి నాకు ఎదురుగా ఒకటి కనిపిస్తోంది. నా సన్మానానికి తెచ్చిన కుర్చీలు వెనక తలుపుకి అడ్డంగా పేర్చారు. పొగ వస్తే మనం బయటపడవలసిన తలుపు అది. ఇంతమందిమి లోపల ఉన్నాం. నేను ఇంకా మీ జిమ్ మనిషినే, ఈ మైకు దించేదాకా. అన్నయ్యా, ఆ వరుస తీస్తారా? కోచ్ బాబూ, అటు చివర నువ్వు పట్టుకో. అయ్యా, మీరు లేవకండి, భుజం. అదిగో, ఆ నీలం కుర్చీ కూడా. తలుపు ఒకసారి తోసి చూడండి. తెరుచుకుందా?

తెరుచుకుంది. మీ అందరికీ కృతజ్ఞతలు, సెలవు.