మునిగిన ఓడ మరక

భోజనాల బల్ల నిండా పాత కవర్లు పరిచి తమ్ముడు భూతద్దంతో చూస్తున్నాడు. టీ కప్పు పెట్టడానికి జానెడు చోటు కూడా దొరక్క అక్క అలాగే నిలబడింది.

“అక్కడే ఆగక్కా! ఇది నూరేళ్ల కిందట ఎక్కడో దీవికి మతం చెప్పడానికి వెళ్లిన పాదిరీ వాళ్లమ్మకి రాసింది.”

“ఆహా! సొంత అక్క ఫోన్ చేస్తే ఎత్తవు గానీ, పాదిరీ వాళ్లమ్మ క్షేమం మాత్రం కావాలి.”

“లోపలి ఉత్తరం ఎవడు చదివాడు? పాత కవర్లు సేకరించే మాకు కవరే ముఖ్యం. ఈ మరక చూశావా? దీన్ని తెస్తున్న ఓడ మునిగినప్పుడు తగిలిన సముద్రపు నీళ్లు! రేపు పాత కవర్ల ప్రదర్శనలో మొదటి బహుమతి దీనిదే.”

“మరకలకి కూడా బహుమతులా? అయితే నీ చొక్కాలు కూడా పట్టుకెళ్లు.”

“నవ్వు, నవ్వు. కొన్నప్పుడు నా కంటికీ ఆనలేదు. పోయిన వారమే కనిపెట్టాను.”

“ఎలా ఆనుతుంది నాయనా, అప్పటికి లేందే? పోయిన వారం నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నా చేతిలో టీ దీని మీద ఒలికింది. చెబుదామనుకునేలోగా నువ్వు ఓడ ముంచేసి ఊరంతా చాటేశావు.”

తమ్ముడు భూతద్దం కింద పెట్టాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చక్కెర వేసిన టీయేనా?”

“అవును. ఏం?”

“చీమలు ఎందుకు పడుతున్నాయా అనుకున్నాను.” అతను ఇంకో కవరు ఆమె ముందుకు జరిపాడు. “ఇదీ ఆ ఓడలోదే అయ్యుంటుంది. ఈసారి టీలో చక్కెర వెయ్యకు.”