తుపాకి పేలని గెలుపు

మున్సిపల్ ఎన్నికల్లో అత్వెల్లిలోని తమ వార్డు మహిళలకు రిజర్వు కావడంతో భార్య బాలమణిని నిలబెట్టాలని ప్రతాప్ నిర్ణయించాడు. నామినేషన్లకు అదే ఆఖరి రోజు. తెల్లచొక్కా తొడుక్కుని ఆమె కోసం కాచుకుని ఉన్నవాడు, కూతురు ఆమని కంప్యూటర్లో ఆడుతున్న అంతరిక్ష యుద్ధం ఆటను చిన్నచూపుగా చూస్తున్నాడు.

"మరి తుపాకి ఏదే?"

"లేదు నాయినా."

"గన్ని ఓడలున్నయి, ఒక్కటి గూడ పేలదా? గిదేం యుద్ధం?"

"ఓడలు చిన్నాయిన కొడుకు శ్రీకాంత్‌వి. సిటీల, సుచిత్ర కాడ వాళ్ళింట్ల కూసోని ఆన్‌లైన్ల ఆడుతుండు. నాయి పాటలు, పండుగలు. వాని గ్రహాలకు పంపుత. ఆడున్న జనం ఇంటరు, ఇష్టపడ్తరు, ఇగ వాళ్ళంతల వాళ్ళే నా దిక్కు ఒస్తరు."

"పాటలకే?"

"తెల్లారంగ సంది మూడు గ్రహాలొచ్చినయి."

"థూ. గసొంటి జనం ఉంటెంత, పోతెంత."

"వాడు గూడ గట్లనే అన్నడు. ఇప్పుడు రాజధాని ఒక్కటే మిగిలింది వానికి."

"ఎమ్మెస్సీ జదివి, తుర్కపల్లి ల్యాబుల కొలువు జేసుకుంట, సెలవు దొరికితె గీ పోరగాళ్ళ ఆట. మనిషిని గెలవాలంటె బెదిరియ్యాలె, లేకుంటె కొనాలె. మూడోది లేదు."

"అవుతలి పార్టీ ఓదెలు మామ మూడోదే జేస్తున్నడు గద."

"ఓదెలా? వాడేం జేస్తున్నడు? పెండ్లాం పద్మమ్మను ముంగట బెట్టి ఆడోళ్ళకు కోలాటం నేర్పిస్తుండు. అందరికి ఒక్క రంగు చీరె, చేతుల రెండు కట్టెలు. కట్టెలు టకటక కొడితె ఓట్లు రాల్తయా?"

"అమ్మ గూడ పోతది గద."

"పోనీ. ఆమెకు పొద్దువోవద్దా?"

"ముంగట నిలబడి తాళం జెప్పేది అమ్మనే. ఆమె ఎటంటె వాడల ఆడోళ్ళంత అటు మర్లుతరు. ఎన్నడన్న సూసినవా?"

"నాకు గదే పనా? సంతకం బెడితె సాలు, మిగిలింది నేను జూస్కుంట."

"నిలబడతవా అని అమ్మను అడిగినవా?"

"ఇంట్ల మనిషిని అడిగేదేంది? ఫ్లెక్సీలు గూడ కొట్టిచ్చిన."

"చూసిన. నీ బొమ్మ నిలువెత్తు, అమ్మది బొట్టుబిళ్ళంత."

"శానా మాట్లాడుతున్నవ్. ఏది మీ అమ్మ? టైమ్ దగ్గరవడ్తాంది. ఫోన్ గలుపు. గా స్పీకర్ల బెట్టు... హలో, బాలమణీ, ఏడున్నవ్?"

"మున్సిపల్ ఆఫీసుకాడ."

"నేను రాకుంట నువ్వెందుకు బోయినవ్? ఆడనే ఉండు. ఎవలతోటి మాట్లాడకు. వస్తున్న."

"రాకుండ్రి. నామినేషన్ అయిపోయింది."

"అయిపోయిందా? ఎవడేయించిండు?"

"ఎవలేయించుడేంది, నేనే ఏసిన. పద్మమ్మోళ్ళ పార్టీ దిక్కుకెళ్ళి."

"మతి ఉండే మాట్లాడుతున్నవా? వాళ్ళేమిచ్చిండ్రు నీకు? ఎంతిచ్చిండ్రు?"

"ఏం ఇయ్యలే. నిలబడతవా వదినా అని అడిగిండ్రు. ఉంట మరి, డప్పులోళ్ళొచ్చిండ్రు."

"బాలమణీ... హలో... పెట్టేసింది. సూసినవా? రెండు కట్టెలకు అమ్ముడువోయింది. లే, ఆమనీ. గా కంప్యూటర్ బందు వెట్టు. మీ అమ్మ మీద నువ్వే నిలబడాలె. జల్దీ, చెప్పులేసుకో."

"నేనెట్ల నిలబడ్త నాయినా. పొద్దుగాల అమ్మ పేరు ప్రపోజ్ చేసి సంతకం బెట్టిందే నేను."